కార్పెట్ కింద అతుకు

"ఆ కార్పెట్ పీకమని నీకెవరు చెప్పారు?"

గేటు దగ్గరే ఆగిపోయి అడిగాడు అన్న. లోపలికి అడుగు పెట్టలేదు.

కారు నాలుగు తలుపులూ తెరుచుకుని వాకిట్లో నిలబడి ఉంది. ముందు సీట్లు రెండూ ఊడదీసి గోడకి ఆనించారు. నల్లటి కార్పెట్ ప్రహరీ మీద వేలాడుతోంది. కారు పక్కన నేల మీద చతికిలబడిన చెల్లెలు తల ఎత్తలేదు.

"ఎవరు చెప్పాలి? కారు నాది. కొని తొమ్మిది రోజులైంది. చెప్పాల్సినవాడు తొమ్మిది రోజులూ నోరు విప్పలేదు కాబట్టి నేనే పీక్కున్నాను."

"ఆదివారం పూట అర్జంటుగా రమ్మంటే అమ్మకేమైందోనని పరుగున వచ్చాను."

"అమ్మకేం కాలేదు. లోపలుంది. నువ్వు ఇటు రా."

అతను రాలేదు. ఆమె లేచి నిలబడి చేతులు దులుపుకుంది. పొద్దున్నే ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసి ల్యాబ్‌కి చేర్చడం ఆమె ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే పని. చుట్టుపక్కల వీధులన్నింటికీ ఆమె సూదమ్మ. ఆ పేరు మొదట పెట్టింది ఈ అన్నే. చిన్నప్పుడు వేళాకోళానికి పెట్టాడు, పెద్దయ్యాక అది ఉద్యోగమై కూర్చుంది. పోయిన వర్షాల్లో స్కూటర్ జారి పడి ఇరవై మంది రక్తం రోడ్డు పాలైనప్పుడు, "కారు కొనుక్కోవే, నేను చూసి పెడతాను" అన్నదీ ఈ అన్నే.

"రమ్మన్నానా?"

వచ్చాడు. ఆమె వేలు పెట్టి చూపించింది. సీట్లుండే చోట, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా, నేల రేకు మీద అడ్డంగా ఒక అతుకు. దాని మీద మందంగా నల్ల రంగు పూశారు. జానెడు మేర ఆ రంగును ఆమె స్క్రూడ్రైవర్‌తో గీకేసింది.

"ఇదేంటి?"

"పాత బండి అన్నాక నేల తుప్పు పడుతుంది. రేకు ముక్క వేసుంటారు."

"ఎవరు వేసుంటారు?"

"నాకేం తెలుసు? ఎన్ని చేతులు మారిన బండో."

ఆమె అతని మణికట్టు పట్టుకుని ఇంటి పక్కకి లాక్కెళ్ళింది. వంటింటి కిటికీ ముందు ఆపింది. ఆ కిటికీ ఊచలు ఆరేళ్ళ కిందట అతనే అతికాడు, చెల్లెలి గృహప్రవేశానికి కానుకగా.

"చూడు. ప్రతి అతుకు చివరా వెల్డింగ్ రాడ్డు కొంచెం వెనక్కి తిప్పి ఆపుతావు నువ్వు, కామా పెట్టినట్టు. రోజూ గిన్నెలు తోముకుంటూ ఈ కామాలు చూస్తాను. నీ చేతిరాత నాకు తెలియదా?"

అన్న కిటికీ వైపు చూడలేదు. పంపు దగ్గర ఆమె భర్త చేతులు కడుక్కుంటున్నాడు. ఆ నీళ్ళ వైపు చూశాడు.

"నిన్న రక్తం గొట్టం మూత ఒకటి సీటు కిందకి దొర్లింది. దాని కోసం కార్పెట్ అంచు ఎత్తాను. అంతే. నువ్వేమనుకున్నావు? నేనెప్పుడూ కారు ఊడవననుకున్నావా?"

"మెల్లగా మాట్లాడు."

"మాట్లాడను."

అతను మెట్టు మీద కూర్చున్నాడు. నలభై రెండేళ్ళ మనిషి, ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. తల దించుకుని, మెట్టుతో చెబుతున్నట్టు చెప్పాడు.

"రెండు కార్లు. ఒకదానికి ముందు నుజ్జయింది. ఇంకోదానికి వెనక. బాగున్న సగాలు కోసి కలిపాం."

"కలిపాను అను."

"కలిపాను."

"కలిపి, రంగేసి, కార్పెట్ పరిచి, నా చేతికి తాళం ఇచ్చావు."

"నా అతుకు ఊడదు. నువ్వు ఎవర్నైనా అడుగు. ఈ ఊళ్ళో నాలా వెల్డింగ్ చేసేవాడు లేడు."

ఆ గొప్ప వినేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అప్పటిదాకా ఆమె కోపంలో ఎక్కడో ఒక మూల, తనే పొరపాటు పడ్డానేమో అన్న ఆశ ఉంది. అది కాస్తా పోయింది.

"ఊడదు కదా. మరి కారు తెచ్చిన రోజు సాయంత్రం అందర్నీ ఒక చుట్టు తిప్పుతానంటే నీ కూతుర్ని ఎందుకు దింపేశావు? ఎక్కి కూర్చున్న పిల్లని చెయ్యి పట్టి దింపావు. హోంవర్కు ఉందన్నావు. అది హోంవర్కు లేదని ఏడ్చింది. గుర్తుందా?"

అన్న ముంజేతి మీది మచ్చ గోక్కున్నాడు.

"నా కూతుర్ని మాత్రం దింపలేదు. అది వెనక సీట్లో కూర్చుని నీకు చెయ్యి ఊపింది. నువ్వూ ఊపావు."

పంపు దగ్గర నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఎదురింటి మేడ మీద ఎవరో బట్టలు ఆరేస్తూ చెయ్యి ఆపి చూస్తున్నారు.

"లోపలికి రండి ఇద్దరూ," అంది గుమ్మంలోంచి అమ్మ. "రోడ్డున పడాలా మనం?"

*

లోపల అన్న కుర్చీ అంచున కూర్చున్నాడు. అమ్మ అతని పక్కన నిలబడింది. ఆ నిలబడిన చోటు చూస్తేనే సూదమ్మకి తెలిసిపోయింది, అమ్మ ఎవరి తరఫో.

"వాడు కావాలని చేస్తాడుటే?" అంది అమ్మ.

"కావాలని చేయకపోతే నిద్రలో చేశాడా?"

"ఏ పరిస్థితిలో చేశాడో అడిగావా?"

"అడగను. నా పిల్ల ఏ పరిస్థితిలో కూర్చుందో వాడు అడిగాడా?"

అమ్మ కొడుకు భుజం మీద చెయ్యి వేసింది. "చెప్పరా. నోరు లేదా నీకు?"

అతను చెప్పాడు. కొత్త సంగతేం కాదు, సగం అందరికీ తెలిసిందే. మణికట్టు విరిగి ఎనిమిది నెలలు పని చేయలేకపోయినప్పుడు అతను వెల్డింగ్ చేసే కార్ల షెడ్డు యజమాని అతన్ని తీసేయలేదు. జీతం ఆపలేదు. ప్రతి మాటకీ గ్యారంటీ, గ్యారంటీ అంటాడని ఆ యజమానికి గ్యారంటీ అనే పేరు స్థిరపడిపోయింది. ఆయన తీసుకొచ్చిన కార్లు అన్న బాగుచేస్తాడు, ఆయన అమ్ముతాడు.

"ఆ ఎనిమిది నెలలూ ఆయన చూసుకున్నాడు. చెయ్యి బాగయ్యాక ఒక రోజు పిలిచి ఈ రెండు కార్లూ చూపించాడు. ఏమనను? కుదరదని ఎలా అనను?"

"కుదరదు అని అనాలి. నాలుగక్షరాల మాట, నోరు తిరగనిదేం కాదు."

"నీకు ఇవ్వాలనుకోలేదు. ఒట్టు. నువ్వు అక్కడున్న వాటిల్లో వేరేది చూస్తావనుకున్నాను. నువ్వు సరాసరి దీని దగ్గరికే వెళ్ళావు. బాగుందన్నావు. ఆయన నావైపు చూశాడు. ఊరికే చూశాడంతే, ఏమీ అనలేదు. నేను తలూపాను."

"ఆయన చూశాడని తలూపావు."

"అవును."

"నేనూ నీవైపే చూశాను కదరా అన్నయ్యా. నేను కూడా చూశాను."

అమ్మ కొడుకు భుజం మీంచి చెయ్యి తీసింది. కిటికీలోంచి ఎండ వచ్చి టేబుల్ మీద పరిచిన ప్లాస్టిక్ గుడ్డ మీద పడింది.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి ఆమె భర్త మాట్లాడాడు. లిఫ్టు మెకానిక్ అతను. రోజుకి పది మాటలు మించి మాట్లాడడు, ఆ పదీ ఎక్కువ లిఫ్టుతోనే.

"బావగారూ, లిఫ్టు తాడులో ఒక పోగు తెగి కనబడితే నేను లిఫ్టు ఆపేసి బోర్డు పెట్టేస్తాను. మేడ మీది వాళ్ళు తిడతారు. బిల్డింగు ఓనరు తిడతాడు. మిగతా పోగులు గట్టిగానే ఉన్నాయి కదా అంటారు. అది నిజమే, గట్టిగానే ఉంటాయి. అయినా బోర్డు తియ్యను."

"నా అతుకు గట్టిదే బావగారూ."

"అయితే ఊడదని కాగితం మీద రాసివ్వండి."

అన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు చూసుకున్నాడు.

"రేపు తిరిగి ఇచ్చేద్దాం. నేను ఆయనతో మాట్లాడతాను. నీ డబ్బు నీకు వచ్చేలా చూస్తాను. కాకపోతే... కారణం చెప్పకు. మనసు మారిందని చెప్పు. స్కూటరే నయమనిపించిందని చెప్పు."

"అబద్ధం చెప్పమంటావు."

"నా ఉద్యోగం నిలబెట్టమంటున్నాను."

"ఇంటి మాట ఇంట్లో ఉండనీ అమ్మాయ్," అంది అమ్మ. "కారు వాడికిచ్చేయ్, నీది నువ్వు తెచ్చుకో. అక్కడితో అయిపోతుంది."

సూదమ్మ ఒప్పుకుంది. ఒప్పుకున్నట్టు చెప్పలేదు, లేచి వెళ్ళి కార్పెట్ దులిపి మళ్ళీ పరిచింది. ఆమె పరుస్తుంటే అన్న వచ్చి సాయం పట్టబోయాడు. "ముట్టుకోకు," అంది.

అన్న వెళ్ళిపోయాక భర్త సీట్ల బోల్టులు బిగిస్తూ కూర్చున్నాడు. ఆమె అతని తల దగ్గర నిలబడింది.

"అనండి."

"ఏమనాలి?"

"సెకండ్‌హ్యాండ్ బండి వద్దని నేను ముందే చెప్పానని అనండి. నువ్వే మా అన్నయ్య చూశాడు, ఇంకేం కావాలన్నావని అనండి."

"అనను."

"ఎందుకనరు?"

"అంటే నీ కోపం నా మీదకి తిరుగుతుంది. అది నా కోసం పుట్టింది కాదు."

ఆమె అక్కడే నిలబడి చివరి బోల్టు బిగిసేదాకా చూసింది. అతను అననందుకు కూడా ఆమెకి కోపంగానే ఉంది.

*

మరునాడు పొద్దున రక్తం తీసే ఇళ్ళన్నీ స్కూటర్ మీదే పూర్తి చేసుకుంది. పదకొండింటికి ఇంటికొచ్చి కారు తీసింది. షెడ్డు దాకా మూడు కిలోమీటర్లు. గేర్ మార్చినప్పుడల్లా కాళ్ళ కింద ఆ గీత తగులుతున్నట్టే అనిపించింది. మామూలుగా పది నిమిషాల దారికి పాతిక నిమిషాలు పట్టింది.

షెడ్డు ముందు ఖాళీ స్థలంలో కార్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కో అద్దం మీద ధర రాసిన కాగితం. వెనక రేకుల షెడ్డులోంచి సుత్తి చప్పుడు వస్తోంది. ఆమె దిగగానే ఆ చప్పుడు ఆగింది. అన్న బయటికి వచ్చి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ దూరంగా నిలబడ్డాడు.

గ్యారంటీ తన ఆఫీసు గదిలో ఫ్యాన్ కింద కూర్చుని ఉన్నాడు. లావుపాటి మనిషి, మెత్తటి గొంతు. అంతా నవ్వుతూనే మాట్లాడతాడు.

"రామ్మా, రా. మీ అన్న అంతా చెప్పాడు. మనసు మారిందట కదా. మారుతుంది. చెప్పులు కొనుక్కెళ్ళి రెండో రోజు కరిచాయని తెచ్చి ఇస్తారు జనం. కారు కూడా అంతే. నేను ఒకటే అంటాను, కస్టమర్ సంతోషం నా గ్యారంటీ."

"డబ్బు ఎప్పుడిస్తారు?"

"ఇప్పుడే. కొంత తగ్గించుకుంటాను, తొమ్మిది రోజులు తిరిగావు కదా. అది న్యాయమే కదమ్మా?" ఒక కాగితం ముందుకి జరిపాడు. "ఇక్కడ సంతకం పెట్టు. అమ్మకం రద్దు."

ఆమె చదివింది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివింది. 'కారులో ఎటువంటి లోపమూ లేదు. నా సొంత కారణాల వల్ల వాపసు చేయుచున్నాను. ఇకపై ఈ వాహనం గురించి ఎవరితోనూ ఎటువంటి మాటా చెప్పనని ఒప్పుకొనుచున్నాను.'

"ఈ మొదటి మాట, మూడో మాట ఎందుకు?"

"మామూలు రాతే. అందరి దగ్గరా తీసుకుంటాను."

"అందరూ అంటే చాలామంది తెచ్చి ఇస్తున్నారా?"

గ్యారంటీ నవ్వు తగ్గలేదు. పెన్ను మూత తీసి, ఆమె చేతికి అందేలా పెట్టాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. అన్న అక్కడే ఉన్నాడు, చేతులు ఎప్పుడో శుభ్రమైనా ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు.

పెన్ను తీసుకుంది.

బయట ఎవరో ఆమె కారు తలుపు తెరిచిన చప్పుడైంది.

తల తిప్పి చూస్తే, ఒక నిండు చూలాలు కారులో తల పెట్టి వెనక సీటు తడిమి చూస్తోంది. పక్కన ఆమె భర్త, గుమ్మడికాయ రంగు చొక్కా, చక్రాలని బూటుతో తన్ని చూస్తున్నాడు. ఆ గర్భిణిని సూదమ్మకి తెలుసు. బేకరీలో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. నెలకి రెండుసార్లు ఆమెకి రక్తం తీసేది సూదమ్మే. కుడి చేతికి నరం దొరకదు, ఎడమ చేతికి తీయాలి, తీస్తున్నంతసేపూ ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి కబుర్లు చెబుతుంది.

"వీళ్ళు పొద్దుట్నుంచీ ఈ కారు కోసమే చూస్తున్నారమ్మా," అన్నాడు గ్యారంటీ. "వస్తోందని చెప్పాను. నీకు అక్కర్లేనిది ఇంకొకరికి అక్కరకొస్తుంది. త్వరగా సంతకం చెయ్యి."

సూదమ్మ పెన్ను పట్టుకునే బయటికి నడిచింది.

"సూదమ్మ గారూ, మీరా?" అంది బేకరీ అమ్మాయి, నడుం పట్టుకుని నిలబడుతూ. "ఇది మీ కారా? మరి ఎందుకిచ్చేస్తున్నారు? మీరు నడిపిన బండి అంటే ఇక చూసేదేముందండీ." భర్త వైపు తిరిగింది. "చెప్పానే, నా నరం దొరకబుచ్చుకునేది ఈవిడొక్కరే అని. ఈవిడే."

ఆ భర్త వినయంగా నవ్వాడు. "వచ్చే నెల డెలివరీ అండి. ఆటోలో తీసుకెళ్ళడం ఇష్టం లేక చూస్తున్నాను. బండి ఎలా ఉందండీ?"

సూదమ్మ అన్న వైపు తిరిగింది.

"అన్నయ్యా, నువ్వు చెప్పు. వాళ్ళు అడుగుతున్నారు. బండి ఎలా ఉందో నాకంటే నీకే బాగా తెలుసు."

గ్యారంటీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఏమీ అనలేదు. ఊరికే చూశాడు.

అన్న చేతిలో గుడ్డ రెండు మడతలు పెట్టాడు. ఆ మడత మీద ఇంకో మడత. "బాగానే ఉందండి," అన్నాడు. "ఇంజను మంచిది."

"నేల?" అంది చెల్లెలు.

"నేల కూడా."

"రెండు కార్లని కోసి ఒక కారుగా అతికారు," అంది సూదమ్మ, బేకరీ అమ్మాయితో. గొంతు పెంచలేదు. రిపోర్టు చదివినట్టు చెప్పింది. "ముందు సగం ఒక కారుది. వెనక సగం ఇంకోదానిది. ముందు సీట్ల కింద అతుకు ఉంది. కార్పెట్ ఎత్తి చూసుకోండి."

ఆ భర్త మొహంలో నవ్వు పోయింది. ఎవరిని నమ్మాలో తెలియక అన్న వైపే చూశాడు. చేతులకి నూనె, ముంజేతులకి మచ్చలు, పని తెలిసిన మనిషిలా కనబడేది అతనే.

"నిజమా అండీ?"

అన్న చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు సూదమ్మ అంతకుముందెప్పుడూ చూడలేదు. అచ్చం యజమాని నవ్వు.

"అదేం లేదండి. మా చెల్లెలే. దానికి కోపం ఎక్కువ. నిన్న ఇంట్లో మాకూ మాకూ ఏదో మాటా మాటా వచ్చింది, ఆ కసి కారు మీద తీర్చుకుంటోంది."

సూదమ్మ గ్యారంటీ వైపు తిరిగింది.

"తాళం ఇవ్వండి."

"ఏ తాళం?" అన్నాడు గ్యారంటీ.

"నా కారు తాళం. మీ టేబుల్ మీద పెట్టాను. నేను సంతకం పెట్టలేదు. అమ్మకం కాగితం నా పేరునే ఉంది. కారు వెనక్కి ఇవ్వడం లేదు."

"చూడమ్మా, ఇప్పుడు తీసుకెళ్తే మళ్ళీ ఇటు రావడానికి ఉండదు. డబ్బు మాట మర్చిపోవాలి. బాగా ఆలోచించుకో."

"ఆలోచించుకున్నాను."

ఆమే లోపలికి వెళ్ళి తాళం తీసుకుంది. సంతకం పెట్టని ఆ రద్దు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. గ్యారంటీ చెయ్యి చాచాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. ఆమె బయటికి వచ్చేసరికి బేకరీ అమ్మాయి భర్త కారు పక్కన మోకాళ్ళ మీద వంగి కార్పెట్ అంచు ఎత్తుతున్నాడు. ఆ అమ్మాయి పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని నాలుగడుగులు వెనక్కి జరిగింది.

అన్న కారుకి అడ్డం వచ్చాడు.

"ఏం చేస్తున్నావే? డబ్బంతా పోతుంది. తలకాయ ఉందా నీకు?"

"తప్పుకో."

"ఎక్కడికి తీసుకెళ్తావ్ దీన్ని?"

"అన్నయ్యా, రాత్రి అంతా నీ తరఫున నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన దగ్గర మొహమాటం అనుకున్నాను. చెయ్యి విరిగినప్పుడు చూసుకున్నాడు అనుకున్నాను. ఇప్పుడు ఆ పిల్ల పొట్ట చూసి కూడా ఇంజను మంచిదన్నావు. ఇంక నీ తరఫున నా దగ్గర మాటలేం లేవు. తప్పుకో."

అతను తప్పుకున్నాడు.

*

వాహనాల తనిఖీ ఆఫీసు మధ్యాహ్నం భోజనాల తర్వాత తెరిచారు. భర్తకి ఫోన్ చేస్తే పని మధ్యలో వదిలి టూవీలర్ మీద వచ్చాడు. దారి పొడవునా కారు ముందు మెల్లగా నడుపుకుంటూ, వెనక్కి తిరిగి చూసుకుంటూ తీసుకొచ్చాడు. ఇప్పుడు చెక్క బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇక్కడ చూపించాక కారు రోడ్డెక్కదు. తెలుసు కదా?"

"తెలుసు."

"నువ్వు మళ్ళీ స్కూటర్ మీదే తిరగాలి."

"తిరుగుతాను."

ఆమె ఫోన్ మోగింది. అమ్మ.

"వాడు ఫోన్ చేశాడే. ఏడుస్తున్నాడు. ఆయన వాడిని షెడ్డు బయట నిలబెట్టాడట."

"నిలబడనీ."

"నీకేం, పోయింది కారు ఒక్కటే. వాడికి బతుకుతెరువు పోతుంది. ఇద్దరు పిల్లలతో వాడి పెళ్ళాం ఏం కావాలి?"

"అమ్మా, వాడు నన్ను కోపిష్టిదాన్నని చెప్పి ఒక కడుపుతో ఉన్న పిల్లకి ఆ కారు అంటగట్టబోయాడు. నువ్వు ఆ పిల్ల గురించి అడుగు ముందు."

"ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. వాడు నా కొడుకు."

"నేనెవరిని?"

అవతల అమ్మ ఊపిరి మాత్రం వినబడుతోంది. సూదమ్మే ఫోన్ కట్టేసింది.

తనిఖీ అధికారిణి యాభై ఏళ్ళ మనిషి, తల నెరిసింది. టార్చి పట్టుకుని కారు కిందకి దూరి, పది నిమిషాలు బయటికి రాలేదు. వచ్చాక మోకాళ్ళ దుమ్ము దులుపుకోకుండానే ఇంజను నంబరు, వెనక రేకు మీద చెక్కిన నంబరు కాగితం మీద రాసుకుంది.

"దీన్ని ఇక్కడిదాకా నడుపుకుంటూ వచ్చారా?"

"వచ్చాను."

"రెండు నంబర్లు కలవడం లేదు. అతుకు కింద వైపు అప్పుడే బీట తీసింది. వేలు పెడితే పడుతుంది. ఇంకో పది రోజులు తిరిగుంటే చెప్పలేను."

భర్త బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. పక్కన కూర్చున్న ఆమెకి ఆ చెక్క కదలడం తెలిసింది. నిన్న 'నా అతుకు ఊడదు' అన్నప్పుడు అన్నయ్య గొంతు ఎంత ధీమాగా ఉందో. అతను అబద్ధం చెప్పలేదు. ఊడదనే నమ్మాడు. అది తెలిసి ఆమెకి కోపం తగ్గాల్సింది. తగ్గలేదు, ఇంకా పెరిగింది.

అధికారిణి వాళ్ళిద్దరినీ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. బీరువాలోంచి ఒక ఫైలు తీసి తెరిచింది.

"ఈ ఏడాదిలో ఇలాంటిది మూడోది. మొదటిది మాకు ఇలాగే తనిఖీలో దొరికింది. రెండోది పోయిన నెల వంతెన దిగే దగ్గర మలుపులో విడిపోయింది. నడిపినతను ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఆ ముక్కలు నేను చూశాను. మూడూ ఒకే చోట తయారైనట్టున్నాయి."

"మూడా?" అంది సూదమ్మ.

అన్న ఒక్క కారు గురించే చెప్పాడు. ఒక రోజు పిలిచి ఈ రెండు కార్లూ చూపించాడన్నాడు. అంతకుముందు గురించి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

"అమ్మినవాడి సంగతి మేం చూసుకుంటాం. వాడి పేరు మీ అమ్మకం కాగితంలో ఉంది. వాడు ఎలాగూ 'నాకు తెలియకుండా జరిగింది, ఇలాగే కొన్నాను' అంటాడు. పోయినసారి అలాగే తప్పించుకున్నాడు." అధికారిణి ఒక ఫారం ముందుకి లాగి, పెన్నుతో ఒక ఖాళీ గడి మీద తట్టింది. "నాకు కావాల్సింది ఈ పని చేసినవాడు. వాడు నోరు విప్పితేనే ఇది ఆగుతుంది. వాడెవరో మీకేమైనా తెలుసా?"

భర్త ఆమె వైపు చూడలేదు. గోడ మీది కేలెండర్ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె సంచిలో ఫోన్ మళ్ళీ మోగడం మొదలైంది. తీసి చూస్తే ఈసారి అమ్మ కాదు, అన్న. ఆమె దాన్ని మోగనిచ్చింది. అది ఆగిపోయేదాకా ముగ్గురూ ఆ చప్పుడే విన్నారు.

"అడిగింది మిమ్మల్నే," అంది అధికారిణి. "తెలుసా?"

"తెలుసు," అంది సూదమ్మ.